మిరప కళ్లాల కాలములో మా మందిరము

వికారాబాదులో మెథడిస్టు సంఘానికి చెందిన ఒక సహోదరి మొన్నామధ్య మా ఊరు వచ్చింది. మా స్త్రీల సమాజములో ఒకామెకు ఆమె వరుసకు అక్క. వచ్చిన శుక్రవారము సాయంకాలమే మందిరానికి వెళ్లి చూసి, తిరిగి వచ్చి ఒక మాట అడిగింది. "శ్రమకాలము శుక్రవారాల్లో మా గుడి నిండిపోతుందమ్మా. మీ గుడిలో పదిమంది కూడా కనబడరేమి?" అని. వారి వైపు అప్పటికి కంది కోతలైపోయి చేలు ఖాళీగా ఉంటాయి. మా చేలు అప్పుడే ఎర్రగా ఉంటాయి. ఆ పూట ఆమెకు సరియైన జవాబు చెప్పలేకపోయాము. ప్రియ సహోదరీలారా, ఈ నాలుగు మాటలు ఆ జవాబేననుకోండి.

మాది అద్దంకికి ఆటోలో పావుగంట ప్రయాణము, గుండ్లకమ్మ ఒడ్డున చిన్న ఊరు. మా వైపు బాప్తిస్టు సంఘాలు ఎక్కువ. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చింది మొదలు మా పెద్దల కథలు ఈ ఏటితోనే ముడిపడి ఉన్నాయి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర ఈ ఏటిలోనే ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారని మా సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. అంతకు ముందు జరిగిన సంగతి మాత్రము తక్కువమంది చెబుతారు. 1876-78 కరవులో దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి చూపించారు. ఆ సాయము జరిగినన్నాళ్లు, కూటికోసము వచ్చి చేరారనే మాట రాకుండా, బాప్తిస్మములు ఆపి ఉంచారు. ముందు పని, కూడు. సంఘపు పుస్తకములో పేరు ఆ తరువాత.

వసంతకాలమంటే పుస్తకాల్లో కోయిల, మామిడి పూత, వేప చిగురు. మాకు వసంతమంటే ఘాటు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాటిన మిరప సంక్రాంతి దాటాక ముమ్మరముగా కోతకు వస్తుంది. ఏప్రిలు దాకా విడతలు విడతలుగా కోస్తూనే ఉండాలి. పండు కాయలు కోసి కళ్లములో పరచి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. సాయంకాలము కుప్ప చేసి పట్టా కప్పాలి, ప్రొద్దున్నే మరల పరచాలి. వాన తగిలితే కాయ ఎరుపు పోయి తెల్లబడుతుంది. దాన్ని తాలు అంటాము. తాలు ఏరి వేరుచేయడము ఆడవారి పని, తాలు పడిందని ఇంట్లో మాటలు పడడము కూడా ఆడవారి పనే! గుంటూరు యార్డులో తాలు కాయకు మంచి కాయ ధర ఏ యేడూ రాదు.

మా సంఘములో ఎక్కువమందిమి కూలికి వెళ్లేవారము. కొన్ని కుటుంబాలు ఎకరమో అరెకరమో కౌలుకు తీసుకొని వేస్తారు. తెల్లవారకముందే సద్ది కట్టుకొని ఆటో ఎక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి దీపాల వేళ దాటుతుంది. చేతులకు ఆముదము రాసుకొని వెళ్తాము, ముక్కుకు కొంగు కట్టుకుంటాము. అయినా వ్రేళ్లు మండుతాయి. ఇంటికి రాగానే చంటిబిడ్డ చేతులు చాపితే ఎత్తుకోవడానికి భయము. నెలకొకసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకొని నోట పెట్టుకున్నప్పుడు పెదవి చురుక్కుమంటుంది. మిగతా సంఘాల వారికి ఈ సంగతి తెలియదనుకుంటాము.

మా అవ్వల కాలములో శ్రమకాలపు కూడికలు ఇంతగా లేవట. ఇప్పుడు నలభై దినాలూ ఏదో ఒక కూడిక ఉంటుంది. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు మొదటి యేడు ఒక ఆదివారము పుల్పిటు మీదనుండే, "స్త్రీలలో భక్తి చల్లారిపోయింది" అన్నారు. మేము తలలు వంచుకున్నాము గాని లోపల మాత్రము కష్టముగానే ఉంది. ఆయన పట్టణములో పుట్టి పెరిగినవారు. మరునాడు అమ్మగారు, "నేను కూడా ఒకరోజు మీతో వస్తాను" అన్నారు. వచ్చారు. మధ్యాహ్నానికి ఆమె కళ్లు రెండూ వాచిపోయాయి, దగ్గు ఆగలేదు. మాతో సమానముగా కోయలేదు గాని మధ్యలో వెళ్లిపోనూ లేదు. ఆ రాత్రి ఇంట్లో ఏమి చెప్పారో మాకు తెలియదు. పై వారము శుక్రవారము కూడిక మందిరములో కాదు, ఎనిమిది గంటలకు కళ్లములో అని ప్రకటన వచ్చింది.

కళ్లములో కూడిక అంటే చూడవలసినదే. ఎటూ కాయలకు కాపలా ఉండాలి గనుక మగవారు కూడా అక్కడే ఉంటారు. కుప్పల మధ్య జాగాలో పట్టా పరచి, సెల్‌ఫోను లైటు పెట్టుకొని పాడుకుంటాము. పాట మధ్యలో ఒకరు దగ్గితే అందరికీ దగ్గు అంటుకుంటుంది. ప్రసంగము పదిహేను నిమిషాలకు మించదు. ఈ మేలు మాత్రము మిరపకాయల వలననే కలిగింది. కర్నూలు జిల్లా వైపునుండి పిల్లాజెల్లలతో కోతలకు వలస వచ్చినవారు చేల గట్ల మీద పట్టాల గుడారాలు వేసుకొని ఉంటారు. వారిలో కొందరు వచ్చి చివర కూర్చొనేవారు. మేము వారిని కూర్చోమన్నాము గాని దగ్గరకు రమ్మనలేదు. ఇది దాచవలసిన పని లేదు.

2023 మార్చి మూడవ వారములో రాష్ట్రములో చాలా జిల్లాల్లో అకాల వర్షాలు పడ్డాయి. మాకు ఆ శనివారము రాత్రి ఎనిమిదింటికి ఉరుములు మొదలయ్యాయి. అంతకు ముందు ఏడాది, 2021 చివరినుండి, నల్ల తామర పురుగు పడి మా వైపు మిరప చేలు ఎలా మాడిపోయాయో అందరికీ తెలిసినదే. ఆ అప్పులు తీరకముందే ఈ వాన. కళ్లము పల్లములో ఉంది. పట్టాలు పైనుండి కప్పగలవు గాని క్రిందినుండి వచ్చే నీటిని ఏమి చేస్తాయి? ఊరిలో మెరక మీదున్నది, పైన స్లాబు ఉన్నది ఒక్క మందిరమే. తాళము చెవి గుడి ఊడ్చే అవ్వ దగ్గర ఉంటుంది. ఎవరు మొదట అన్నారో గుర్తు లేదు, అందరమూ గోనె సంచుల్లోకి కాయలు ఎత్తి మందిరములోకి మోయడము మొదలుపెట్టాము.

సంఘ పెద్ద ఒకాయన గొడుగు వేసుకొని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. "ఏందమ్మా ఇది? దేవుని మందిరాన్ని గోడౌను చేస్తారా?" అన్నారు.

అవ్వ తాళము చెవి కొంగుకు ముడి వేసుకుంటూ, "అయ్యా, ఈ కాయలు తడిస్తే రేపు పళ్లెములో కానుక యాడనించి వస్తది?" అంది.

ఆయన మరేమీ మాట్లాడలేదు. ఆ జవాబు సరియైనదా అన్న దానిలో మాలో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. కానుక కోసమే కాయలు లోపల పెట్టామా? ఆకలిగొన్న శిష్యులు విశ్రాంతి దినాన వెన్నులు త్రుంచుకొని తిన్న సంగతి అవ్వ చెప్పి ఉంటే బాగుండేదని మాలో చదువుకున్నవారు అంటారు. వానలో తడుస్తూ అంత ఆలోచన ఎవరికి వస్తుంది?

పదకొండు గంటలకు మొత్తము ముప్పై తొమ్మిది సంచులు లోపల చేరాయి. మేము అరుగు మీద కూర్చొని తలలు తుడుచుకుంటున్నాము. దేవునికి స్తోత్రమని ఒకామె ప్రార్థన కూడా మొదలుపెట్టింది. అప్పుడు అద్దంకిలో డిగ్రీ చదివే మా పిల్ల ఒకతె అడిగింది.

"చేలో గుడారాల వాళ్లు ఎట్లున్నారు పిన్నీ?"

ప్రార్థన మధ్యలోనే ఆగిపోయింది. మూడు గంటలసేపు మేము ఆ వానలో కాయలు మోశాము. కూడికలో మా వెనుక కూర్చొనే ఆ పిల్లలు ఒక్కసారి కూడా మా తలపులోకి రాలేదు.

యౌవనస్థులు ట్రాక్టరు తీసుకొని వెళ్లారు. ఏడు కుటుంబాలు. రెండు గుడారాలు గాలికి లేచిపోయాయట, మిగిలినవారు ఒకే పట్టా క్రింద నిలబడి ఉన్నారు. తెచ్చి మందిరములో కూర్చోబెడదామంటే లోపల ఆ ఘాటుకు పెద్దవారికే ఊపిరి ఆడదు. ఒక తల్లి చేతిలో నెలల బిడ్డ. ఆ బిడ్డ దగ్గి దగ్గి నీలుక్కుపోయింది. సంచులు వరండాలోకి లాగాలి, వేరే దారి లేదు. వరండా రేకులు కురుస్తాయి.

ఇక్కడ అందరమూ ఒక్కమాటగా లేచామని వ్రాయాలని ఉంది గాని అలా జరుగలేదు. మా సమాజములోని కౌలు ఆమె, పదకొండు సంచులామె, తన సంచి మీద కూర్చొని, "నావి ఎవరన్నా ముట్టుకుంటే ఊరుకోను" అని ఏడ్చింది. భర్త లేడు. కౌలు డబ్బు ఉగాదికి కట్టాలి. ఆమెను లెమ్మనే ధైర్యము పాస్టరు అయ్యగారికి కూడా లేకపోయింది. చివరకు కాస్త ఉన్నవారి సంచులు వరండాలోకి లాగాము. ఆమెవి ఒక మూలకు చేర్చి, జంపఖానాలన్నీ తెచ్చి పైన కప్పాము, ఘాటు తగ్గుతుందేమోనని. బిడ్డలను, తల్లులను అమ్మగారు ప్రక్కనే ఉన్న తమ రెండు గదుల ఇంట్లోకి తీసుకొని వెళ్లారు. మగవారు మందిరములో దగ్గుతూ పడుకున్నారు. గొడుగుతో వచ్చిన పెద్దాయన తెల్లవారకముందే ఇంటినుండి బకెట్టుతో టీ పంపించారు. తాను రాలేదు.

వరండాలో ఆరు సంచులు తడిసి తాలు పడ్డాయి. మందిరానికి కొత్త జంపఖానాలు కొందామని మేము రెండేళ్లుగా పిడికెడు బియ్యము అమ్మి కూడబెట్టిన డబ్బు ఉంది. అది ఆ నష్టానికి ఇచ్చాము. సగానికైనా సరిపోలేదు. ఒక కుటుంబము వారు మందిరానికి రావడము మానుకొని, మరల కోతల పండుగకు వచ్చారు. ఆనాడు గుమ్మడికాయ వేలములో అందరికంటే ఎక్కువ పాడినది వారే, కాబట్టి కోపము పోయిందనే అనుకుంటున్నాము.

చేలు బురదగా ఉండి పని ఆగిపోవడముతో వలసవారు బుధవారము ఉగాదికి ముందే కూలి లెక్కలు చూసుకొని వెళ్లిపోయారు. ఆదోని అవతల అని మాత్రము చెప్పారు. మేము ఊరి పేరు అడుగలేదు, మనుష్యుల పేర్లూ అడుగలేదు.

ఆ యేడు ఏప్రిలు 2న మట్టల ఆదివారము. పిల్లలు తాటి మట్టలు, ఈత మట్టలు పట్టుకొని వీధులన్నీ తిరిగి లోపలికి రాగానే ఒకరి వెనుక ఒకరు తుమ్మారు. శుక్రవారము పన్నెండు గంటలనుండి మూడు వరకు ఏడు మాటల ధ్యానము. ఫ్యాను వేస్తే జంపఖానాల్లోని మిరప దుమ్ము లేస్తుంది, ఆపితే చెమట. దాహము గురించిన ఐదవ మాట చెప్పేవేళకు సంఘమంతా దగ్గుతూ ఉంది. అవ్వ లేచి కుండలోని నీళ్లు గ్లాసుతో వరుసగా అందించుకుంటూ వచ్చింది. అయ్యగారు ఆమె చివరి వరుసకు చేరేదాకా ప్రసంగము ఆపి నిలబడ్డారు. ఏ యేడూ ఆ మాట మాకు అంతగా అర్థము కాలేదు.

ఈస్టరు ముందు రోజు సమాధులకు సున్నము వేసి, తెల్లవారుజామున క్రొవ్వొత్తులు వెలిగించి పాడుకుంటూ వెళ్లడము మా ఊరి ఆచారము. 1854 జనవరి 1న జూయెట్ దొరగారు మరి కొద్దిమందితో ఒంగోలు కొండ మీద తెల్లవారకముందే ప్రార్థన చేసింది మొదలు మా వారికి చీకటితో లేవడమంటే ఇష్టము. పైగా కోతల కాలములో ఎటూ అదే వేళకు లేస్తాము! ఆ యేడు సమాధుల తోటనుండి నేరుగా చేలోకి వెళ్లినవారు కూడా ఉన్నారు. మిగిలిన కోత ఆగదు కదా. అయ్యగారు ఏమీ అనలేదు. వారి సద్ది మూటల మీద చెయ్యి ఉంచి ప్రార్థించి పంపారు.

2024లో ఈస్టరు మార్చి 31నే వచ్చింది, కోతల నడిమధ్య. ఆ జనవరిలో మా సమాజపు కూడికలో మరల జంపఖానాల మాట వచ్చింది. కొంతసేపు వాదన జరిగింది. చివరకు పెద్ద పట్టాలు రెండు కొన్నాము, వరండా రేకులు మార్పించాము. గుడారాలు పడిన మొదటి వారమే ఇద్దరము వెళ్లి ప్రతి గుడారములో ఎందరున్నారో, పిల్లలెందరో పేర్లతో సహా ఒక పుస్తకములో వ్రాసుకొని రావాలని తీర్మానించాము. పుస్తకము సంఘపు పేర్ల పుస్తకముతోపాటే బీరువాలో ఉంటుంది. ఇందులో పేరు వ్రాసినందుకు ఎవరూ మందిరానికి రావలసిన పని లేదని మొదటి పేజీలోనే వ్రాయించింది మా డిగ్రీ పిల్ల.

ఆదోని వైపు కుటుంబాల్లో రెండు మరల వచ్చాయి. నెలల బిడ్డ తల్లి వారిలో లేదు. ఆమె ఏ ఊరికి వెళ్లిందో వచ్చినవారికీ తెలియదు. పుస్తకములో మొదటి వరుస ఆమెకు ఉంచి, పేరు చోట గీత గీశాము. ప్రక్కన "బిడ్డ, ఒకటి" అని వ్రాశాము.