రసీదు పుస్తకం

సంక్రాంతి వెళ్ళిన వారానికి మాష్టారు అటక మీంచి గుడ్డసంచీ దింపుతారు. అందులో ఉండేవి మూడే: రసీదు పుస్తకం, కిందటేడు సావనీరు, రబ్బరుబ్యాండు వేసిన విజిటింగ్ కార్డుల కట్ట. "అడుక్కునే సీజనొచ్చిందన్నమాట" అంటుంది ఆవిడ, కాఫీగ్లాసు చేతికిస్తూ. "అడుక్కోవడం కాదే, ప్రకటనలు సేకరించడం" అంటారాయన. ఏటా అదే మాట, అదే జవాబు. ఇద్దరికీ కంఠతా వచ్చు.

గుంటూరు వైపు, ప్యాసింజరు మాత్రమే ఆగే చిన్న ఊరది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మాష్టారు పాతికేళ్ళుగా అక్కడి నాటక పరిషత్తుకి కార్యదర్శి. ఉగాదికి ముందు మూడు రోజులు పోటీలు. రోజుకి మూడు నాటికల చొప్పున తొమ్మిది. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి, విజయవాడ నుంచి సమాజాలు వ్యాన్లేసుకుని వస్తాయి. టిక్కెట్టు లేదు. పెడితే ఎంతమంది వస్తారో ఆయనకి తెలుసు కాబట్టి ఆ ఊసే ఎత్తరు. ఖర్చంతా బజారు నుంచి రావాల్సిందే.

బజారంటే ఒక్క డబ్బే కాదు. బస్టాండు పక్క లాడ్జీ ఆయన మూడు రాత్రులకి నాలుగు గదులిస్తాడు, వేడినీళ్ళు మాత్రం అడగకూడదు. షామియానా, కుర్చీలు టెంట్‌హౌసువి; కిరాయి సగం తీసుకుని మిగతా సగానికి సావనీరులో అరపేజీ రాయించుకుంటాడు. భోజనాలకి మెస్సులో టోకెన్లు. మేకప్ తుడుచుకోడానికి కొబ్బరినూనె, దూది మందులషాపు నుంచి. అన్నిటికన్నా తమాషా ఫర్నిచరు షాపాయనది. నాటికలో ఇల్లుంటే సోఫా కావాలి. సోఫా ఆయనే పంపిస్తాడు, ప్లాస్టిక్ కవరు మాత్రం తియ్యనివ్వడు. ఒక ఏడు పూటగడవని గుమాస్తా కథ ఆడారు. కూతురి పెళ్ళికి అప్పు పుట్టక ఆ గుమాస్తా తలపట్టుకుని కూలబడ్డది తళతళలాడే ప్లాస్టిక్ తొడుగున్న మెరూన్ సోఫాలో. కూర్చున్నప్పుడల్లా కరకరమని చప్పుడు. న్యాయనిర్ణేతలు రంగాలంకరణకి మార్కులు తగ్గించారు. ఫర్నిచరు షాపాయనకి మాత్రం మర్నాడు రెండు సోఫాలు అమ్ముడుపోయాయి.

నాటకానికీ బజారుకీ పొత్తు ఇవాళ్టిది కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టేనాటికే అది పాతబడ్డ సంగతి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వాళ్ళు ఊరూరా మకాం వేసి, తాత్కాలికంగా హాలు కట్టుకుని ఆడేవారు. పిల్లాపాపలతో అంత బలగం దిగిందంటే ఆ ఊరి కిరాణాకొట్టుకి కొత్త ఖాతా తెరుచుకున్నట్టే. నాటకం పండితే కొట్టు బాకీ తీరేది. వాన పట్టుకుంటే ఇద్దరూ కలిసి ఆకాశం వంక చూసేవారు.

ఆ తర్వాత కోస్తా జిల్లాల్లో పద్యనాటకాన్ని భుజాన మోసినవాళ్ళు కాంట్రాక్టర్లు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి పేరున్న నటుల్ని విడివిడిగా మాట్లాడుకుని, బయానా ఇచ్చి, ఒక్క రాత్రికి ఒక్క స్టేజీ మీదికి తెచ్చేవారు. ఒకే వేషానికి ఇద్దరు ముగ్గుర్ని పెట్టి అంకానికొకర్ని దింపేవారు. ఒన్స్‌మోర్లు ఎన్నొస్తే వచ్చే ఊళ్ళో టిక్కెట్లు అంత తెగుతాయని కాంట్రాక్టరు లెక్క. అందులో మొహమాటం లేదు, దాపరికమూ లేదు. ఆయనకి నాటకం సరుకు. లాభమొస్తే కడియం, రాకపోతే తాకట్టు.

సావనీరులో ప్రకటన ఇచ్చేవాడి సంగతే మాష్టారికి అంతుపట్టదు. పేజీ నాలుగు వేలు, వెనకట్ట పదివేలు. ఆ పుస్తకం మూడొందల కాపీలు వేస్తే నూటయాభై ఊళ్ళోనే మిగిలిపోతాయి. ఆ ఊళ్ళో ఆ కొట్టు తెలియనివాళ్ళెవరు? బట్టలషాపు కుర్రాడు ఆ మాటే పైకి అనేశాడు. "మాష్టారూ, తప్పుగా అనుకోకండి. ఈ డబ్బు ఫోన్లో పెడితే పది ఊళ్ళవాళ్ళు చూస్తారు. అదీగాక, జీఎస్టీ బిల్లు ఇస్తారా మీరు?" మాష్టారు రసీదు పుస్తకం వంక చూసుకున్నారు. వాళ్ళ నాన్న ఉన్నన్నాళ్ళూ వెనకట్ట వాళ్ళదే. కుర్రాడన్నదాంట్లో తప్పేమీ లేదు, అదే బాధ. వెయ్యినూటపదహార్లు ఫోన్‌పే చేసి, టీ తెప్పించాడు.

ఇడ్లీ హోటలాయన సంగతి వేరు. ఉత్తమ సహాయనటి బహుమతి వాళ్ళమ్మ పేరు మీద ఇస్తాడు. ఆవిడ జన్మలో నాటకం చూసి ఎరగదు. మర్నాటికి పిండి రుబ్బుకోవడం ఆ వేళకే. హోటలు వెనక రోటి దగ్గర కూర్చుని మైకులో వచ్చిన పద్యాలు విని, ఏ పద్యానికి చప్పట్లు పడ్డాయో పొద్దున కొడుక్కి చెప్పేదట. షీల్డు మీద పేరు చెక్కేవాడు ఒకసారి అక్షరం తప్పు చేస్తే, ఆయన షీల్డు వెనక్కి పంపించి, కొత్తది వచ్చేదాకా మాష్టార్ని టిఫినుకి రావద్దన్నాడు.

2020లో ఉగాదీ, లాక్‌డౌనూ ఒకే రోజు వచ్చాయి. సావనీరు ప్రెస్సులోనే ఆగిపోయింది. వసూలైన డబ్బు బీరువాలో ఉండిపోయింది. ఆంక్షలు కాస్త సడలగానే మాష్టారు మాస్కు కట్టుకుని, ఈసారి డబ్బు తిరిగివ్వడానికి అదే వరసలో బయల్దేరారు. సగంమంది వద్దన్నారు. లాడ్జీ ఆయన తీసుకున్నాడు, తీసుకుంటూ తల ఎత్తలేదు. ఆ వీధిలో ఎవరి అవసరం ఎంతో ఆ నాలుగు రోజుల్లో ఆయనకి తెలిసినంతగా బ్యాంకువాళ్ళకి కూడా తెలిసుండదు.

ఇక పురుగుమందుల షాపాయన. ప్రథమ బహుమతి ఇరవైవేలు ఆయనదే, పోయిన తండ్రి పేరు మీద. మూడేళ్ళ కిందట పోటీకొచ్చిన ఒక నాటికలో కథ నకిలీ మందులది. పంట పోయిన రైతు భార్య ఖాళీ డబ్బా తెచ్చి కొట్టు కౌంటరు మీద పెడుతుంది. "బిల్లుందా అమ్మా?" అంటాడు కొట్టువాడు. అంతే మాట. ఆ నటుడు కళ్ళజోడు తుడుచుకుంటూ ఎంత మామూలుగా అన్నాడంటే, పందిట్లో గాలి ఆడలేదు. వెనక వరసల్లో రైతులు. ముందు వరసలో షాపాయన. నాలుగు తలలు ఆయన వైపు తిరిగాయి. సైడ్‌వింగులో నిలబడ్డ మాష్టారు నాటిక చూడటం మానేసి ఆయన మొహమే చూస్తున్నారు. రెండు నిమిషాలకి షాపాయన లేచి కండువా సర్దుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అసలు చిక్కు చివరి రోజు రాత్రి. న్యాయనిర్ణేతలు ఇచ్చిన కవరు విప్పితే ఆ నాటికకే ప్రథమ బహుమతి. అంటే ఆయన తండ్రి పేరున్న షీల్డు, ఆయన ఇచ్చిన ఇరవైవేలు, ఆయన చేతుల మీదుగా, ఆ నాటికకే. గ్రీన్‌రూంలో కమిటీవాళ్ళు గుసగుసలు మొదలెట్టారు. మొదటిదీ రెండోదీ తారుమారు చేస్తే అరమార్కే కదా తేడా అన్నారొకరు. ఆయన్ని పిలవకుండా ఎమ్మెల్యేగారితో ఇప్పిద్దామన్నారింకొకరు. వచ్చే ఏడు ఇరవైవేలు ఎవడిస్తాడు అన్నది అందరి మనసులోని మాట. మాష్టారికీ అదే. అయినా పరీక్ష పేపరు దిద్దాక మార్కు మార్చిన అలవాటు ఆయనకి లేదు. మైకు తీసుకుని పేరు చదివారు, దాత పేరూ చదివారు. చదివాక అర నిమిషం ఎవరూ రాలేదు.

చివరికి టీకొట్టు వైపు నుంచి షాపాయన వచ్చాడు. షీల్డిచ్చాడు, కవరిచ్చాడు, శాలువా కప్పాడు. ఫొటోలో నవ్వలేదు. ఒక్క మాటా మాట్లాడలేదు.

మరుసటేడు మాష్టారు ఆ షాపు ముందునుంచి రెండుసార్లు వెళ్ళీ లోపలికి పోలేదు. అన్ని కొట్లూ అయ్యాక ఆఖరున మెట్లెక్కారు. "లేటైందేంటి మాష్టారూ ఈసారి?" అని కుర్చీ చూపించి, చెక్కు పుస్తకం తీశాడాయన. రాస్తూనే మొదలుపెట్టాడు.

"ఆ బిల్లు సీనుంది చూశారూ, అది తప్పండీ. అడిగితే బిల్లివ్వనివాడెవడు? అప్పుకి పట్టుకెళ్ళేటప్పుడు వాళ్ళే వద్దంటారు. రాసినాయనకి చెప్పండి. ఆఖర్న ఆవిడ ఆ డబ్బాలో మొక్క నాటిందే, అది మాత్రం బావుంది."

మొక్క నాటడం నాటికలో చిట్టచివరి సీను. ఆయన అప్పటికి వెళ్ళిపోయి పావుగంటైంది కదా అని మాష్టారు అడగబోయి ఊరుకున్నారు. టీకొట్టు పందిరి కిందినుంచి స్టేజీ బాగానే కనిపిస్తుంది.

ఈ ఏడూ వెళ్ళారు. చెక్కు చేతికిస్తూ షాపాయన గొంతు తగ్గించాడు. "వచ్చేవాటిలో మామీద ఏమన్నా ఉందా?"

"స్క్రిప్టులు నేను చూడనండీ, పరిశీలక సంఘం చూస్తుంది" అన్నారు మాష్టారు. తొమ్మిదీ ఆయన రెండేసిసార్లు చదివారు. షాపాయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"మందుల మీద లేవు. ఒకదాంట్లో చీటీపాటల వ్యాపారి ఉన్నాడు."

ఇద్దరూ ఒకేసారి రోడ్డవతలికి చూశారు. పై అంతస్తులో చిట్‌ఫండ్ ఆఫీసు బోర్డు. మాష్టారు రసీదు చింపి ఇచ్చి, సంచీ భుజానికి తగిలించుకుని, ఆటోలు ఆగేదాకా చూసి రోడ్డు దాటారు.