పొరుగువారి గుండిగ

మా తెలుగు సంఘ భవనమున వంటపాత్రలు దాచు కొట్టు ఒకటి కలదు. ఇత్తడి గంగాళములు, రాగి కాగులు, అల్యూమినియపు గుండిగలు, గరిటెలు, జల్లెడలు అందు వరుసగా పేర్చియుండును. ప్రతి పాత్రమీదను దాత పేరో, దాత తల్లిదండ్రుల పేరో తెలుగు లిపిలో చెక్కియుండును. పెండ్లిండ్లకును, శ్రీరామనవమి పందిళ్ళకును అవి వెలుపలికి వచ్చి మరల లోనికి పోవును. వానిలో ఒక్క గుండిగమీద మాత్రము తెలుగు పేరు లేదు. అది మాది కాదు. మా వీధి చివరనున్న మసీదువారిది. 2016 మొదలు అది మా కొట్టులోనే యున్నది. తిరిగి యిమ్మని వారు అడుగలేదు. తిరిగి యిత్తుమని మేమును అనలేదు. భాషను గూర్చియు, కళలను గూర్చియు ఈ సంచికలో వ్రాయగల పెద్దలు అనేకులు కలరు. మేము ఆ గుండిగను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మా నివాసము చెన్నపట్టణమున అడయారు నది ఒడ్డుననున్న సైదాపేట. మా తాతగారు నెల్లూరు సీమనుండి వచ్చి యిచ్చట స్థిరపడిరి. మా వీధికి ఒక కొసను మసీదు, నడుమ మా సంఘ భవనము, దానినానుకొని రామమందిరము, మలుపులో చర్చి కలవు. బాంగు, గంట, మేళము మూడును ఒకే గాలిలో కలియుచుండెను గాని మనుష్యులు కలియుట అరుదు. ఒకరి పండుగ మరియొకరికి చెవులతో మాత్రమే తెలియుచుండెను.

2011లో మసీదు పెద్దలును చర్చి పెద్దలును మా సంఘమునకు ఒక ప్రస్తావము పంపిరి. పేటలోని ప్రభుత్వ వైద్యశాలలో రోగులకు భోజనము దొరకును గాని, వారికి తోడుగా వచ్చిన పల్లెటూరివారు పస్తులుందురు. వారమునకొకసారి మూడు వంటశాలలవారును కలిసి వండి వారికి పెట్టుదమని దాని సారాంశము. అప్పుడు సంఘ కార్యదర్శులము మేమే. సభలో లేచి, "మన వంటశాలకు ఒక ఆచారము కలదు. ఇతరుల పాత్రలు లోనికి వచ్చినచో మన పెద్దలు ఇచ్చట చేయి కడుగరు" అంటిమి. సభ్యులు తలలూపిరి. ప్రస్తావము వీగిపోయెను. మర్యాదగా ఒక ప్రత్యుత్తరము వ్రాసి పంపితిమి. ఆ జాబులో తప్పుమాట ఒక్కటియు లేదు. అన్నపు మెతుకు ఒక్కటియు లేదు.

2015 డిసెంబరు 1వ తేదీ వర్షమును చెన్నపట్టణమువారు మరువజాలరు. ఆ ఒక్క దినమున తాంబరమున 49 సెంటీమీటర్ల వాన కురిసెను. చెంబరంబాక్కము చెరువు నీరు అడయారులో పడెను. మరునాటికి సైదాపేట వంతెన మునిగెను. మా యింటి క్రింది భాగము రాత్రికి రాత్రే నీటిపాలయ్యెను. బియ్యపు డబ్బాలు మా కన్నుల యెదుట తేలిపోయెను. విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు. ఎనుబదియేండ్లు దాటిన మా తల్లిగారితో మేడమీద కూర్చుంటిమి. చేతిలో సొమ్ము ఉన్నది, కొనుటకు అంగడి లేదు. ఆకలి యనునది బీదవారి యింటి చుట్టమని అంతవరకు తలచియుంటిమి. అది ఎవరి చుట్టమును కాదు. తలుపు తెరిచియున్న ప్రతి యింటికిని వచ్చునని ఆ రెండు దినములలో తెలిసెను.

మా తల్లిగారు నలువదియేండ్లుగా పరాయి వంట ముట్టినవారు కారు. ప్రయాణములలో సైతము అటుకులు, పండ్లు వెంటనుంచుకొనెడివారు. మూడవ దినమున ఒక మత్స్యకారుని పడవ మా మెట్లయొద్దకు వచ్చెను. దానినుండి తలపై టోపీ గల యువకుడొకడు నడుములోతు నీటిలో దిగి, పొట్లములు పైకెత్తి పట్టుకొని వచ్చెను. పులిహోర. మా తల్లిగారు పొట్లము అందుకొని విప్పలేదు.

"ఎవరు వండారు నాయనా?" అని తమిళములో అడిగిరి.

"మసీదులో, పాట్టీ" అని అతడు ఒక క్షణమాగి, "మీవంటి పెద్దవాళ్ళు తినరేమోనని కొత్త గుండిగ కొన్నాం. అందులో మాంసం ఎప్పుడూ వండలేదు. ఇకమీదట వండం" అనెను.

"నువ్వు తిన్నావా?"

"ఇంకా చాలా ఇళ్ళున్నాయి, పాట్టీ."

పడవ కదలిపోయెను. మా తల్లిగారు పొట్లము విప్పి భుజించిరి. మేమును భుజించితిమి. కొంతసేపటికి, "ఆ పిల్లవాడు నా మడిని నీకంటె బాగా కాపాడాడురా" అనిరి. నాలుగేండ్ల క్రిందటి సభలో మేమేమి పలికితిమో ఆమె యెరుగును. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

పాత్రలు కలియరాదని మేము వాదించితిమి. మా వాదము విన్నవారు మా వాదమునకే విలువయిచ్చి, దుకాణదారుని నిద్రలేపి, మాకొరకు వేరు పాత్ర కొనిరి. పెట్టుట గొప్పయని మన పురాణములన్నియు చెప్పుచున్నవి. పుచ్చుకొనువాని మనస్సు నొవ్వకుండ పెట్టుట అంతకంటె గొప్ప. ఆ విద్యలో మా వీధి యువకుడు మాకు గురువు.

నీరు తీసిన పిదప కొట్టూరుపురము, సైదాపేటలలో ముస్లిము యువకులు దేవాలయములలోని బురద ఎత్తిపోసిన సంగతి ఆనాటి పత్రికలలో వచ్చినది. త్యాగరాయనగరమున గోపతి నారాయణస్వామి చెట్టిగారి పేరిట వెలసిన వీధిలోని గురుద్వారమువారు లంగరు వంటలు వరద ప్రాంతములకు పంపిరి. ఇవన్నియు అపూర్వములని మేము మొదట భావించితిమి. నగర చరిత్రను తిరుగవేయగా అపూర్వములు కావని తేలినది.

హైదరాలీ యుద్ధకాలపు కరవులో, 1782 ప్రాంతమున, చెన్నపట్టణమున ఒక మణియకారరు, అనగా గ్రామాధికారి, గంజి కేంద్రము నెలకొల్పెను. అదియే 'మణేగారు చౌల్ట్రీ' అయ్యెను. దాని జ్ఞాపకముగా స్టాన్లీ వైద్యశాలను నేటికిని 'కంజితొట్టి ఆసుపత్రి' అనువారు కలరు. ఒక మహానగరము తన వైద్యశాలను గంజితొట్టి పేరుతో పిలుచుకొనుట మాకు సిగ్గుగా తోచదు, గౌరవముగా తోచును. 1876–78 నడుమ మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిన మహాక్షామములో, కూలి గింజలకై వచ్చిన ప్రజలు కూవము, అడయారు నదుల నడుమ బకింగుహాము కాలువ త్రవ్విరి. ఆ కాలువ ప్రక్కనే నేడు మన పిల్లలు రైలెక్కుచున్నారు.

1920లో నగరపాలక సంస్థ బడిపిల్లలకు పగటి ఫలాహారము మొదట పెట్టిన బడి థౌజండ్ లైట్సు పేటలోనిది. దినమునకు పిల్లకు ఒక అణాకు మించరాదని నిర్ణయము. ఆనాటి నగరపాలక సంస్థ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు, మన తెలుగువారు. ఆ పేటకు ఆ పేరు వచ్చినది అచ్చటి మసీదులో వెలిగించిన వేయి దీపములవలన. తెలుగువాని తలంపు, మసీదు పేరు గల పేట, అన్ని కులములవారి పిల్లలు. ఇంతకంటె వేరు ఉదాహరణ మేల? 1956లో కామరాజుగారి కాలమునను, 1982లో రామచంద్రన్‌గారి కాలమునను అది రాష్ట్రమంతట వ్యాపించెను. 2022లో ప్రాతఃకాల ఫలాహారము తోడయ్యెను.

తిరువల్లిక్కేణిలోని వాలాజా మసీదు 1795 నాటిది. దాని నిర్మాణ సంవత్సరమును తెలుపు పారసీక పద్యము ఆ గోడమీద చెక్కబడియున్నది. దానిని రచించినది రాజా మఖన్‌లాల్ అను హిందువు. దేశవిభజన వేళ సింధుదేశమునుండి సర్వము కోల్పోయి వచ్చిన దాదా రతన్‌చంద్‌గారు మైలాపూరున సూఫీదార్ మందిరమును స్థాపించిరి. ఆ మందిరమువారు నాలుగు దశాబ్దములకు పైగా రంజాను మాసమున ఈ మసీదునకు ఉపవాసము విడుచువారి భోజనము వండి తెచ్చి స్వయముగా వడ్డించుచున్నారు. ఇల్లు పోయినవాని చేతికి వడ్డన తెలిసినంతగా ఇల్లున్నవానికి తెలియదు కాబోలు.

ఈ సంచిక చదువువారు అనేక రాష్ట్రములలో నున్నవారు. మీ తావులలోను ఈ పొయ్యిలు కలవు. వడలూరున రామలింగస్వాములవారు 1867లో వెలిగించిన ధర్మశాల పొయ్యి నేటికిని ఆరలేదు. గోదావరి తీరమున నాందేడులో గురుద్వారపు లంగరునందు పంక్తికి కులము లేదు. అదే గోదావరి సముద్రము చేరుచోట, లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళలలో వచ్చినవారికిని ఎవరవని అడుగక అన్నము పెట్టిరి. నది ఎగువ కొసను, దిగువ కొసను ఒకే మాట వినబడుచున్నప్పుడు నడుమనున్న మనము చెవులు మూసికొనుట పాడియా?

2016 ఉగాదికి ముందు మేము మసీదుకు పోయి పాత ప్రస్తావమును మరల అడిగితిమి. వారు 2011 నాటి మా జాబును జ్ఞాపకము చేయలేదు. "గుండిగ మీ కొట్టులోనే ఉంచండి, అక్కడైతే పెద్దవాళ్ళకు అనుమానం ఉండదు" అనిరి. అది మొదలు శుక్ర, శని, ఆదివారములలో ఎవరి పూజలకును అడ్డురాకుండ గురువారమున వంట సాగుచున్నది. బియ్యము మసీదువారిది, పప్పులు, కూరగాయలు చర్చివారివి, పొయ్యి, వంటవాడు మా సంఘమువారివి. పది కిలోల బియ్యము వండినచో సుమారు నూరుమందికి సరిపోవును. వంటకము శాకాహారమే, ఏలయన అందరిలో ఎక్కువ నియమము గలవాడు తినగలదానిని అందరును తినగలరు. వడ్డనకు ముందు ఎవరి ప్రార్థనయు గట్టిగా చెప్పరాదు. ఏ సంస్థ పేరిట గుడ్డపలకయు కట్టరాదు. ఈ చివరి నియమము వలన కొందరు దాతలు తొలగిపోయిరి. మేము వారిని నిందింపము. పేరు చెక్కని పాత్ర ఇచ్చుటకు మాకును మొదట మనసొప్పలేదు.

తగవులు రాలేదని చెప్పినచో అసత్యమగును. ఉల్లిపాయపై ఒకసారి, లెక్కల పుస్తకముపై రెండుసార్లు మాటలు పెరిగెను. ఒక ఎన్నికల కాలమున మూడు వారములు వంట నిలిచెను. తిరిగి మొదలిడినది పెద్దలు కాదు. వైద్యశాల మెట్లమీద గిన్నె పట్టుకొని వేచియున్నవారిని చూచి వచ్చిన మా వంటవాడు. "మీ సంగతి తేలేదాకా వాళ్ళ కడుపులు ఆగవయ్యా" అని అతడు పొయ్యి ముట్టించెను.

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు ఈ పరిచయము విలువ తెలిసెను. మందిరము మూతపడెను, చర్చి ఈస్టరునాడు సైతము తెరువలేదు, రంజాను మాసమున మసీదులో కంజి కాచుటకు వీలులేకపోయెను. మూడు తలుపులకును తాళములు పడిన ఆ దినములలో నగరపాలక సంస్థ అనుమతితో మా వంటశాల తలుపు మాత్రము తెరిచియుండెను. గురువారము పోయి ప్రతిదినమును వంట అయ్యెను. పేట వెలుపల కట్టుచున్న మేడలయొద్ద శ్రీకాకుళము, గంజాము జిల్లాల కూలివారు చిక్కుపడియుండిరి. పొట్లము అందుకొనిన ఒక నడివయస్సు స్త్రీ, "తెలుగోళ్ళా బాబూ?" అని అడిగి ఏడ్చెను. ఆమె చేతికి ఆ పొట్లమును ఇచ్చినవాడు 2015లో మా మెట్లయొద్దకు వచ్చిన యువకుడే. అతనికి తెలుగు రాదు. "ఏం చెప్పాలి?" అని మావైపు చూచెను. "అవును, అని చెప్పు" అంటిమి. చెప్పెను.

మా తల్లిగారు 2018లో పరమపదించిరి. ఏటేట ఆమె తిథి గడచిన తరువాతి గురువారమున మేము పులిహోర వండించుచున్నాము, ఆ గుండిగలోనే. దానిమీద ఆమె పేరు చెక్కింతమని మా కుమారుడు ఒకసారి అనెను. వలదంటిమి. అది మనది కాదు.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా నున్న మనము మన భాషను, మన ఆచారమును కాపాడుకొనుటకై గోడలు కట్టుకొంటిమి. ఆ గోడలు అవసరమే. కాని ప్రతి గోడకును ఒక ద్వారము, ఆ ద్వారమున నడుచుటకు ఒక గుండిగ అవసరము. మీ పట్టణమున మీ సంఘపు కొట్టు ఒకసారి తెరిచి చూడుడు. అందు పొరుగువారి పాత్ర ఒక్కటియైనను లేనిచో, పోయి యొకటి అడిగి తెచ్చుకొనుడని మా మనవి. ఇచ్చుటకంటె అడుగుట కష్టము. మేము అడుగుటకు ఐదు సంవత్సరములు పట్టినది. మీకు అంతకాలము పట్టకుండుగాక.