మదనపల్లె నుంచి కుప్పం దాకా: గోల్ఫ్ విహారానికి ఒక దారి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటినీ కలిపేది 42వ నంబరు జాతీయ రహదారి. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే ఈ దారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం దాటుకుని తమిళనాడులోని కృష్ణగిరి దగ్గర 44వ నంబరు రహదారిలో కలుస్తుంది. మదనపల్లె నుంచి కుప్పానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఈ మూడు ఊళ్ళలోనూ పేరున్న గోల్ఫ్ కోర్సు లేదు. కానీ దారికి పడమటి పక్కన, ప్రతి పెద్ద కూడలి నుంచీ ఒక కోర్సు వైపు దారి చీలుతుంది: మదనపల్లె నుంచి నంది కొండల వైపు, పలమనేరు నుంచి కోలారు వైపు, కుప్పం నుంచి హోసూరు వైపు. బస, భోజనం ఈ దారి మీద, ఆట పక్కదారుల చివర. గోల్ఫ్ విహారానికి ఈ లెక్క మీదే ఏర్పాట్లు చేసుకోవాలి.

ఇంత చల్లని పీఠభూమి మీద, ఎటు చూసినా ఖాళీ నేల ఉన్నచోట కోర్సు ఎందుకు రాలేదంటే జవాబు నీళ్ళలో ఉంది. పద్దెనిమిది హోల్స్ కోర్సుకు నూరు ఎకరాలకు పైగా నేల కావాలి. ఎండాకాలంలో ఆ పచ్చికను బతికించడానికి రోజుకు లక్షల లీటర్ల నీళ్ళు పోయాలి. మదనపల్లె నుంచి కుప్పం దాకా వ్యవసాయం తరతరాలుగా చెరువుల మీద, ఈమధ్య కాలంలో వందల అడుగుల లోతు బోర్ల మీద నడుస్తోంది. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళను ఇక్కడికి తెచ్చేది హంద్రీ-నీవా పథకం. దాని పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువలు ఈ దారికి అటూ ఇటూగా సాగుతాయి. 2025 ఆగస్టులో ఆ నీళ్ళు కుప్పం చేరినప్పుడు జనం కాలువ గట్టు మీద హారతులిచ్చారు. అలాంటి నీళ్ళ మీద మొదటి హక్కు టమాటా తోటది, మల్బరీ మడిది, పశువులది. గోల్ఫ్ ఆడాలనుకునేవాళ్ళు పక్క రాష్ట్రం దాకా పోవలసి రావడం ఈ నేల మీద న్యాయమైన ఏర్పాటే.

యాత్ర మదనపల్లెలో మొదలవుతుంది. రైల్లో వచ్చేవాళ్ళు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ధర్మవరం–పాకాల మార్గంలోని మదనపల్లె రోడ్ స్టేషన్ ఊళ్ళో లేదు, చాలా కిలోమీటర్ల దూరాన ఉంది. గోల్ఫ్ సంచీ బరువు పది పదిహేను కిలోలుంటుంది. దాంతో ఆటోలో ఇరుక్కోవడం కంటే బెంగళూరు నుంచి కారులో రావడమే మేలు. నియమం ప్రకారం సంచీలో పద్నాలుగు క్లబ్బులకు మించి ఉండకూడదు. విహారానికి వచ్చేవాళ్ళకు అందులో సగం ఉన్నా ఆట సాగుతుంది.

ఊళ్ళో లాడ్జీలు, ఏసీ హోటళ్ళు బస్టాండు చుట్టుపక్కలా, బెంగళూరు రోడ్డులోనూ దొరుకుతాయి. పొద్దున్నే చూడవలసింది టమాటా మార్కెట్. తెల్లవారకముందే చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్లు, మినీ లారీలు క్రేట్లతో దిగుతాయి. వేలం పాడేవాడు క్రేట్ల వరుస పక్కన నడుస్తూ ధర పలుకుతాడు. కొనేవాడు ఒక కాయను తీసి గోటితో నొక్కి, తొడిమ దగ్గర పచ్చిదనం చూసి, తల ఊపుతాడు లేదా ముందుకు నడుస్తాడు. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర 190 రూపాయలు దాటింది. అదే కాయను రైతు రోడ్డు పక్కన పారబోసి వెళ్ళిన రోజులూ ఉన్నాయి. ఈ ఊరికి మరో గౌరవం కూడా ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలో బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ ఊళ్ళోనే.

మదనపల్లె నుంచి ఆటకు పోయే దారి చీకలబైలు దగ్గర కర్ణాటకలోకి దాటి చింతామణి, చిక్కబళ్ళాపురం మీదుగా నంది కొండల పాదానికి చేరుతుంది. అక్కడి ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్‌లో పద్దెనిమిది హోల్స్ కోర్సు, దాన్ని ఆనుకుని 2022లో తెరిచిన జెడబ్ల్యు మారియట్ రిసార్టు ఉన్నాయి. బార్, రెస్టారెంట్, గది, ఆట అన్నీ ఒకే ప్రాంగణంలో కావాలనుకునేవాళ్ళకు ఇదే సులువు, ఖర్చూ ఇక్కడే ఎక్కువ. కారులో రెండున్నర మూడు గంటలు పడుతుంది కాబట్టి పొద్దున ఆరున్నరకు టీ టైమ్ పెట్టుకుని మదనపల్లెలో పడుకోవడం పొరపాటు. ముందురోజు రాత్రికే అక్కడికి చేరి, ఆట ముగించుకుని, ఆ సాయంత్రం వెనక్కి వచ్చి హార్స్‌లీ కొండ ఎక్కాలి.

హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు. మదనపల్లె కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటుంది. కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల కథ ఇక్కడి పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవి విడిదిగా ఇక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆయన పేరు నిలిచింది. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. కొండ మీద రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత రిసార్టు నడుపుతోంది. సెలవు రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి. పద్దెనిమిది హోల్స్ అంటే నాలుగు, నాలుగున్నర గంటల నడక. ఆ నడక తర్వాత కాళ్ళకు విశ్రాంతినివ్వడానికి ఈ దారి మొత్తం మీద ఇంతకంటే మంచి చోటు లేదు.

మదనపల్లె దాటి దక్షిణంగా అరగంట పోతే పుంగనూరు. జమీందారుల కాలంలో సంస్థానం. దేశమంతటా ఈ పేరు వినిపించడానికి కారణం పుంగనూరు ఆవు. నిలబడితే మనిషి నడుము ఎత్తు దాటదు. పాలు కొద్దిగానే ఇచ్చినా మామూలు ఆవు పాలలో మూడు నాలుగు శాతం ఉండే వెన్న ఇందులో ఎనిమిది శాతం దాకా ఉంటుంది. ఎండుగడ్డి తిని, కరువును ఓర్చుకుని బతికే జాతి. ఒక దశలో అంతరించిపోయే ప్రమాదం వచ్చింది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం దాన్ని పట్టుదలగా కాపాడింది.

పుంగనూరులో ఆగవలసింది మధ్యాహ్న భోజనానికి. ఈ దారిలో మెస్సుల్లోనూ మిలిటరీ హోటళ్ళలోనూ రాగి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి దొరుకుతాయి. సంగటి వేడిగా ఉండగానే ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట చేసి, అందులో పులుసు పోసుకుని, చిన్న ముక్క తుంచి పులుసులో అద్ది నమలకుండా మింగాలి. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, రుచీ తెలియదు. తిన్నాక నాలుగు గంటలు ఆకలి వేయదు కాబట్టి ఆటకు ముందురోజు ఇది మంచి భోజనం. ఆట రోజు పొద్దున మాత్రం రెండు ఇడ్లీలే చాలు.

పుంగనూరు నుంచి పలమనేరు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ చిత్తూరు నుంచి ముళబాగిలు పోయే రహదారి అడ్డంగా తగులుతుంది. పడమరకు తిరిగితే నంగలి దగ్గర సరిహద్దు, ఆపైన ముళబాగిలు. మందంగా, నెయ్యి కారుతూ ఉండే ముళబాగిలు దోసె తినకుండా ముందుకు పోకూడదు. అక్కడి నుంచి కోలారు. కోలారు దగ్గర జియాన్ హిల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది. మూడు ఊళ్ళ వాళ్ళకూ సగటున దగ్గరపడేది ఇదే. ఈ ఎత్తులో గాలి పలచన కాబట్టి బంతి సముద్రతీరంలో కంటే రెండు మూడు శాతం ఎక్కువ దూరం పోతుంది. చెన్నైలో, విశాఖలో ఆడే అలవాటున్నవాళ్ళు గ్రీన్ దాటించి కొట్టేది ఇందుకే. చలికాలం పొద్దున ఫెయిర్‌వే మీద మంచు పడి ఉంటుంది. దొర్లిన బంతి వెనక పచ్చని గీత మిగులుతుంది. అలవాటున్న క్యాడీ ఆ గీత వంపు చూసి నేల వాలు ఎటుందో చెప్పేస్తాడు. బయటి నుంచి వచ్చిన ఆటగాడికి క్లబ్బు ఇవ్వగలిగిన అసలైన సాయం అలాంటి క్యాడీయే. అతని కూలి దగ్గర బేరం పనికిరాదు.

బుక్ చేసే ముందు ఫోను చేసి అడగవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. సభ్యులు కానివాళ్ళకు ఆట ఉందా, సభ్యుడి సిఫారసు కావాలా, హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ అడుగుతారా అన్నవి ముందుగా తేల్చుకోవాలి. శని, ఆదివారాల గ్రీన్ ఫీజు మామూలు రోజుల కంటే ఎక్కువ. చాలా క్లబ్బులు సోమవారం పచ్చిక పనుల కోసం మూసేస్తాయి. కాలర్ లేని టీషర్టును, జీన్సును సాధారణంగా ఒప్పుకోరు. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ లాంటి పాత క్లబ్బుల్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఆట నేర్చుకోవాలనే పిల్లలు వెంట ఉంటే బెంగళూరులోని కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం చూపించాలి. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ అక్కడే ఆట నేర్చుకుంది.

బార్ల విషయంలో మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి జాగ్రత్త అవసరం. ఆంధ్రలో 2024 అక్టోబరు నుంచి మద్యం దుకాణాలు మళ్ళీ ప్రైవేటు వాళ్ళ చేతికి వచ్చాయి. పట్టణాల్లో బార్ అండ్ రెస్టారెంట్లు వేరుగా లైసెన్సుతో నడుస్తాయి. తమిళనాడులో చిల్లర అమ్మకం ప్రభుత్వ టాస్మాక్ దుకాణాల్లోనే. ఒక రాష్ట్రంలో కొన్న సీసాలతో సరిహద్దు దాటితే ఎక్సైజు కేసు తగులుకోవచ్చు. ఎక్కడ తాగేది అక్కడే తాగి, సీసా కారులో పెట్టుకోకుండా రావడం క్షేమం. అక్టోబరు 2న అన్నిచోట్లా మూతే. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం. రాత్రి బస చేసే చోటే బార్ ఉండాలి, లేదంటే డ్రైవర్ ఉండాలి.

పలమనేరు నుంచి కుప్పం దాకా చీకట్లో ప్రయాణం మానుకోవడానికి మరో కారణం ఏనుగులు. 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి ఇటు వచ్చి నిలిచిపోయిన మందల కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట అవి రోడ్డు దాటి పొలాల మీద పడతాయి. రైతులూ ఏనుగులూ ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్న నేల ఇది. అడవి మందలను మళ్ళించడానికి 2025లో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రకు ఇచ్చింది. సాయంత్రం ఆరు లోపు ఈ ముక్క దాటేలా ఆట వేళ చూసుకోవాలి. మలుపుల్లో హారన్ కొట్టి హడావుడి చేయకూడదు.

వి.కోట నుంచి పడమరగా పోతే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన గనుల్లో తెలుగు, తమిళ కూలీలు దిగిన లోతు మూడు కిలోమీటర్లు దాటింది. శివనసముద్రం నుంచి 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చింది. పైన ఇంగ్లీషు అధికారులు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం అమర్చుకున్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ బంగళాలను చూసినప్పుడు కింద పనిచేసిన వాళ్ళ వరుస ఇళ్ళను కూడా చూడాలి. ఈ ప్రాంతంలో గోల్ఫ్ చరిత్ర ఆ రెండు వీధులదీ.

చివరి మజిలీ కుప్పం. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం, పీఈఎస్ వైద్య కళాశాల కారణంగా చిన్న ఊరికి మించిన లాడ్జీలు, టిఫిన్ సెంటర్లు ఇక్కడున్నాయి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే బల్ల మీద వినిపిస్తాయి. బిర్యానీలో జీలకర్ర సాంబ బియ్యం కనిపిస్తే అది సరిహద్దు అవతలి ఆంబూరు వాసన. ఇక్కడి నుంచి కృష్ణగిరి, హోసూరు మీదుగా క్లోవర్ గ్రీన్స్ కోర్సుకు పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా ఆటకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే రెండు రోజులు నేల ఆరదు. కుప్పం స్టేషన్ బెంగళూరు–జోలార్‌పేట మార్గంలో ఉంది కాబట్టి యాత్రను ఇక్కడ ముగించేవాళ్ళు కారును వదిలేసి రైలెక్కవచ్చు. బెంగళూరుకు సుమారు రెండు గంటలు. ఇక్కడ రైలు ఆగేది కాసేపే. సంచీతో ఎక్కాలి కాబట్టి బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కుని ప్లాట్‌ఫారం మీద అక్కడే నిలబడాలి.