ఫాంటు దాటని గొంతులు

స్త్రీల మౌఖిక కథనాలు భద్రపరిచామని మనం తరచుగా చెప్పుకుంటాం. ఏ పెట్టెలో, ఏ అక్షరాల్లో భద్రపరిచామని మాత్రం అడగం. నా చేత ఆ ప్రశ్న అడిగించినవి నాలుగు ఫ్లాపీలు.

2003లో కూనవరం, వరరామచంద్రాపురం మండలాల్లో కోయ స్త్రీలు చెప్పిన జీవితాలను నేనూ ఒక స్నేహితురాలూ నోటుపుస్తకాల్లో రాసుకున్నాం. యాభై ఆకులు లెక్కపెట్టి తునికాకు కట్టలు కట్టే వేసవులు, పోడు కేసులు, ఇంట్లోనే అయిన కాన్పులు. వాటిని ఖమ్మంలో మా ఇంటి కంప్యూటర్లో టైపు చేశాను. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ మండలాలు పోలవరం ముంపు ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. స్నేహితురాలి ఇంట్లో ఉన్న నోటుపుస్తకాలు ఆ వరదలోనే పోయాయి. ఇక మిగిలినవి 1.44 మెగాబైట్ల ఫ్లాపీలే.

ఇప్పటి కంప్యూటర్లో ఫ్లాపీ పెట్టే చోటే లేదు. యుఎస్‌బి తీగతో తగిలించే డ్రైవ్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఫైళ్లు వచ్చాయి గానీ తెలుగు రాలేదు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, అర్థంకాని గుర్తులు. ఆ రోజుల్లో చాలా తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లనూ, కొమ్ములనూ, ఒత్తులనూ ముక్కలుగా కూర్చేవి. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరం సంఖ్యే. దాన్ని తెలుగుగా చూపించేది ఫాంటు. ఫాంటు లేకపోతే భాషే లేదు. 1991 నాటికే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలున్నాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా మనలో చాలామంది రాతలు ఇళ్లలో పాత ఫాంట్లలోనే సాగాయి.

మార్పిడి ప్రోగ్రాం ఒకటి దొరికింది. ముక్కల్ని కలిపి, ఒత్తుల్ని సర్ది, చదవగలిగే తెలుగు ఇచ్చింది. కథనం చెప్పినవారిలో ఒకామె కూతురికి ఫోన్లో చదివి వినిపించాను. కోయ మాటలు రాగానే ఆపింది.

"మా అమ్మ అట్ల అనదక్కా. ఆడ గొంతు కొంచెం ఆగుతది."

నిజమే. కోయలో గొంతు దగ్గర క్షణం ఆగే ధ్వని ఒకటుంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. టైపు చేసేటప్పుడు దానికి మేం చిన్న కామా లాంటి గుర్తు పైన పెట్టేవాళ్లం. ప్రోగ్రాం లెక్కలో అది తెలుగు అక్షరం కాదు. అందుకే ఎక్కడా మిగల్చలేదు.

తెలుగు అంతా క్షేమంగా వచ్చింది; పోయింది కోయ గొంతే. లిపిలో చోటు లేనిదే మార్పిడిలో ముందుగా రాలిపోతుంది. మన సంకలనాల్లో ఆదివాసీ స్త్రీల మాటలు 'శుద్ధి' అయిపోయే తీరూ ఇదే కదా! అక్కడ ఆ పని చేసేది యంత్రం కాదు, మనమే.

రెండు నెలలుగా ఆమె ఫోన్లో చెబుతోంది, నేను గుర్తులు తిరిగి పెడుతున్నాను. పాత ఫైలునూ, దాని ఫాంటునూ, కొత్త పాఠాన్నీ, ఆమె చదివిన రికార్డింగునూ ఒకేచోట ఉంచుతున్నాం. మీ బీరువాల్లోనూ ఫ్లాపీలు ఉండే ఉంటాయి. తెరిచినప్పుడు అక్షరాలు సరిగ్గా కనబడితే చాలనుకోకండి. ఆ మాటలు ఎవరివో వాళ్లకి ఒకసారి చదివి వినిపించండి.