కూపర్స్‌టౌన్‌లో పెనెంట్ల వేట

న్యూజెర్సీ నుంచి ఉత్తరంగా ఓ నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే కూపర్స్‌టౌన్ వస్తుంది. ఒట్సెగో సరస్సు ఒడ్డున, రెండు వేల జనాభా కూడా లేని ఊరు. అయినా మెయిన్ స్ట్రీట్‌లో నడుస్తుంటే తిరుమల కొండ మీద అంగళ్లు గుర్తొస్తాయి. అటూ ఇటూ దుకాణాలే, అన్నింట్లో ఒకే దేవుడి సరుకు. ఇక్కడి దేవుడు బేస్‌బాల్. 1939లో తెరిచిన హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఈ వీధిలోనే ఉంది. ఎండాకాలంలో అయితే టోర్నమెంట్లకొచ్చిన పిల్లలు జెర్సీలతోనే ఐస్‌క్రీమ్ లైన్లో నిలబడి ఉంటారు.

టోపీలు, బ్యాట్లు, సంతకాల బంతులు సరే. నాకు ఇష్టమైనవి గోడల నిండా వేలాడే పెనెంట్లు. పొడుగ్గా, కోసుగా ఉండే త్రికోణం జెండా. పూర్తి సైజుదైతే దాదాపు 30 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు. వెడల్పు వైపు అంచున ఒక పట్టీ కుట్టి ఉంటుంది. ఆ పట్టీకి కుచ్చులుంటాయి. అసలు బేస్‌బాల్‌లో లీగ్ గెలవడాన్నే ‘పెనెంట్ గెలవడం’ అంటారు, గెలిచిన జట్టుకు ఎగరేసుకునే జెండా దక్కుతుంది కాబట్టి. అభిమానులు స్టేడియం బయట కొనుక్కుని, ఇంటికెళ్లి పడగ్గది గోడకి పిన్నులతో గుచ్చేది దాని బుల్లి రూపం.

మేం ఆ ఊరికి వెళ్లింది ఒకే ఒక్క పెనెంట్ కోసం. మా రూమ్మేట్ వాళ్ల ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ టీమ్ పెద్దాయన ఒకరు రిటైరవుతున్నారు. డెబ్బై దాటినా కోబాల్ రాస్తూనే ఉన్న మనిషి. పుట్టింది బ్రూక్లిన్‌లో. చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిన డాడ్జర్స్ పెనెంట్ ఇల్లు మారినప్పుడు పోయిందట. లంచ్‌లో ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. టీమంతా కలిసి మూడొందల డాలర్లు పోగేసి మావాడి చేతిలో పెట్టారు. కొత్త కాపీ అయితే ఆన్‌లైన్లో నిమిషంలో దొరుకుతుంది. కానీ ఆయన చిన్నప్పుడు ఒరిజినల్‌ని చేత్తో పట్టుకుని తిరిగిన మనిషి. నకిలీ ఇస్తే పైకి నవ్వి థాంక్స్ చెప్పి, లోపల ఏమనుకుంటారో!

బ్రూక్లిన్ అనేసరికి ధర ఎందుకు పెరుగుతుందో కొంచెం చెప్పాలి. ఆ జట్టు 1941, 47, 49, 52, 53ల్లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి, అయిదుసార్లూ పక్క పేట యాంకీస్ చేతిలోనే ఓడింది. చివరికి 1955లో అదే యాంకీస్‌ని ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఓడించి కప్పు కొట్టింది. రెండేళ్లు గడిచాయో లేదో, 1957 సీజన్ అవ్వగానే ఓనర్ జట్టుని లాస్ ఏంజెలెస్‌కి పట్టుకుపోయాడు. వాళ్ల ఎబెట్స్ ఫీల్డ్ స్టేడియాన్ని 1960లో కూల్చేశారు. జట్టు లేదు, గ్రౌండ్ లేదు, గెలిచింది ఒక్క కప్పు. ఇక ఆనాటి గుడ్డముక్క కోసం జనం ఎగబడకుండా ఎలా ఉంటారు? జనం ఎగబడే చోట కాపీలూ పుడతాయి.

ఒక షాపులో మేం వెతుకుతున్నదే దొరికింది. 1955 అని రాసి ఉన్న నీలం డాడ్జర్స్ పెనెంట్. 275 డాలర్లు. మావాడు అప్పటికే పర్సు తీశాడు. నేను ఆపి చేతిలోకి తీసుకున్నాను.

మొదట వేళ్లకే తెలుస్తుంది. పాత పెనెంట్లది ఫెల్ట్ గుడ్డ. ఫెల్ట్‌కి నేత ఉండదు, ఉన్నిని తడిపి, వేడిచేసి, అదిమి అట్టలా చేస్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మందపాటి ఉన్ని ఫెల్ట్ వాడి, అక్షరాలు కూడా విడిగా కత్తిరించి కుట్టేవారు. తర్వాత ఉన్నిలో రేయాన్ కలిసింది, స్క్రీన్ ప్రింటింగ్ వచ్చింది. ఇప్పటివి ఎక్కువగా సింథటిక్. పాత ఫెల్ట్ మెత్తబడి, చేతిలో కాస్త వాలిపోతుంది. కొత్త సింథటిక్‌ది నున్నటి మెరుపు, మడిచి వదిలితే టక్కున లేచి నిలబడుతుంది. మా చేతిలోది లేచి నిలబడింది.

అయినా స్పర్శ ఒక్కటే సాక్ష్యం కాదు. మా అమ్మ పోచంపల్లి చీర కొనేముందు ఓసారి తిరగేసి చూస్తుంది. ఇక్కత్‌లో రంగు దారానికే ఎక్కించి నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, ప్రింటు చీరైతే వెనక వెలవెలబోతుంది. పెనెంట్‌నీ అలాగే తిరగేయాలి, కాకపోతే ఇక్కడ రెండు వైపులా ఒకేలా ఉంటేనే అనుమానం. ఏళ్ల తరబడి గోడ మీదున్న పెనెంట్‌కి ఎండ, సిగరెట్ పొగ ముందువైపే తగులుతాయి. వెనక రంగు ముదురుగా మిగిలిపోతుంది. అంచు పట్టీ కింద, కుచ్చులు కప్పిన చోట ఇంకా ముదురుగా ఉంటుంది. ఈ పెనెంట్ మొత్తం ఒకే గోధుమ ఛాయ. పట్టీ కొస లేపి చూస్తే అక్కడా అదే ఛాయ, కుట్టు దారానిది కూడా. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా టీ వాసన! టీ డికాక్షన్‌లో ముంచి ముసలితనం తెప్పించడం ఈ వ్యాపారంలో పాత ట్రిక్కే. అయితే రంగు వెలవనంత మాత్రాన నకిలీ అనేయకూడదు, ట్రంకు పెట్టెలో దాచిన అసలుది తాజాగానే ఉంటుంది. వెలిసిన తీరులో లాజిక్ ఉందా లేదా అన్నదే చూడాలి.

నాకు బాగా నచ్చిన సాక్షి చిమ్మటపురుగు. అది ఉన్నిని తింటుంది, పాలిస్టర్‌ని తినదు. సింథటిక్ పెనెంట్‌కి ‘పాతదని నమ్మకం కలిగించే’ చిల్లులుంటే అవి ఎవరో చేత్తో పెట్టినవే. పిన్నుల చిల్లులదీ అంతే. ఏళ్లపాటు ఇనప పిన్ను గుచ్చి ఉంటే చుట్టూ చిన్న తుప్పు వలయం పడుతుంది.

ఇంకు సంగతి మరీ సరదా. పాత స్క్రీన్ ప్రింటు ఇంకు గుడ్డ మీద దళసరిగా కూర్చుని, ఎండిపోయి, సన్నగా పగిలి అక్కడక్కడా రాలుతుంది. ఇప్పుడు ఎవరైనా పాత పెనెంట్‌ని ఫొటో తీసి దాన్నుంచి ప్రింటు చేస్తే ఆ పగుళ్లు కూడా ప్రింటైపోతాయి. కంటికి పగులు కనిపిస్తుంది, గోరుతో మెల్లగా తడిమితే నున్నగా ఉంటుంది. ఫోన్ కెమెరా జూమ్ చాలు, భూతద్దం అక్కర్లేదు.

కొందరు చిన్న యూవీ టార్చి తీసుకెళ్తారు. బట్టల్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విరివిగా వచ్చాయి. అందుకే ‘1930ల నాటిది’ అన్న పెనెంట్ దారం ఆ లైటులో నీలంగా వెలిగిందంటే ఆలోచించాలి. కానీ ఎవరైనా దాన్ని ఈమధ్య డిటర్జెంట్‌తో ఉతికినా అలాగే వెలుగుతుంది. కాబట్టి టార్చి చెప్పిందే తీర్పు అనుకోవద్దు.

మరో తేలికైన చెక్ ఉంది. బ్యాటర్ నీడబొమ్మతో ఉండే మేజర్ లీగ్ లోగో 1969లో వచ్చింది. 1955 నాటిదని చెప్పే పెనెంట్ మీద అది ఉండే చాన్సే లేదు. ‘కూపర్స్‌టౌన్ కలెక్షన్’ అనే ముద్రతో లైసెన్సుతో అమ్మే రెట్రో సరుకు కూడా ఉంది. అది మోసం కాదు, కాపీనని పేరు పెట్టుకునే వస్తుంది. ఆ ట్యాగ్‌ని ఎవరో కత్తిరించేశాకే తంటా. మేం చూసినదాని వెనక, మూల దగ్గర, కత్తిరించిన దారపు మొనలు వరసగా నాలుగు కనిపించాయి. ఏ కంపెనీ ట్యాగో తెలీదు గానీ ఏదో ఒకటి ఉండేదని మాత్రం ఖాయం. పైగా 1990ల నాటి రెట్రో సరుక్కి ఇప్పుడు నిజంగానే ముప్ఫై ఏళ్లు. టీలో ముంచక్కర్లేకుండా వాటంతటవే ముసలివవుతున్నాయి. నన్నడిగితే రేపటి తలనొప్పి అదే.

‘ఇది 1955లో తయారైందేనా?’ అని అడిగాం. షాపాయన ఏమీ తడబడలేదు. ‘1955 పెనెంట్ అని రాశాను, 1955లో చేసిందని ఎక్కడా రాయలేదే’ అన్నాడు. టెక్నికల్‌గా కరెక్టే! థాంక్స్ చెప్పి బయటికొచ్చాం.

వీధి చివర మరో షాపులో వేరేది దొరికింది. సంవత్సరం లేదు, బ్రూక్లిన్ డాడ్జర్స్ అని మాత్రం ఉంది. కుచ్చుల్లో ఒకటి ఊడిపోయింది, మొన దగ్గర రెండు చిమ్మట చిల్లులు, కొసల్లో తుప్పు మచ్చలు. వెనక్కి తిప్పితే ముందుకన్నా రెండు ఛాయలు ముదురు నీలం. 140 డాలర్లు. బిల్లు మీద ‘ఒరిజినల్, 1950లు, కాదని తేలితే డబ్బు వాపస్’ అని రాసివ్వమన్నాం. ఆవిడ నవ్వుతూనే రాసి సంతకం పెట్టింది. ఇలా అడిగితే నకిలీ అమ్మేవాళ్లు సాధారణంగా మాట మారుస్తారు, అందుకే బేరానికి ముందే అడగడం మంచిది.

ఈ ఊరు బేస్‌బాల్ ఊరైన కథ కూడా ఇలాంటిదే. 1839లో అబ్నర్ డబుల్‌డే ఇక్కడే ఈ ఆటని కనిపెట్టాడని 1907లో ఒక కమిషన్ తేల్చింది. ఆధారం ఒక పెద్దాయన రాసిన ఉత్తరం. 1839లో డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఉన్నాడు. చరిత్రకారులు ఆ కథని ఎప్పుడో కొట్టిపారేశారు. 1934లో పక్కనున్న ఫ్లై క్రీక్‌లో ఒక పాత ట్రంకులో చిరిగిన బంతి దొరికితే స్టీఫెన్ క్లార్క్ అనే ధనవంతుడు అయిదు డాలర్లకు కొన్నాడు. దాన్నే డబుల్‌డే బంతి అన్నారు. మ్యూజియం ఆలోచన మొదలైంది దాని చుట్టూనే. బంతి పాతదే కావచ్చు, దాని వెనక చెప్పిన కథే నిలబడలేదు. ట్రంకులో దొరికిందనగానే మనసు కరిగిపోతుంది, పెనెంట్ల బజార్లో కూడా ‘మా తాతగారి అటకమీద దొరికింది’ అన్న మాటకి ధర పెరిగేది అందుకే.

తిరుగు ప్రయాణంలో మావాడు పెనెంట్‌ని మడవకుండా, రెండు అట్టల మధ్య పెట్టి వెనక సీటు మీద పడుకోబెట్టాడు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు జిగురు అంటించొద్దని, యూవీ అద్దం వేయమని, కిటికీకి ఎదురుగా వేలాడదీయొద్దని ఒక చీటీ రాసి దానికి జతచేశాం. బిల్లు కూడా అదే కవర్లో పెట్టాం, ధర మీద మాత్రం నల్ల మార్కర్ గీసి.