మూడవ పేరు



కట్టంగూర్ చుట్టుపక్కల ఊళ్లలో గృహ కూడికలకు మేము సాయంత్రం ఐదింటికే చేరుకుంటాము. పత్తి చేలకు పోయినవారు ఇల్లు చేరి, స్నానాలు చేసి కూర్చునే సరికి ఏడవుతుంది. ఆ ఖాళీ సమయంలో ఊరిలోని బొమ్మలను ఫోనుతో ఫోటోలు తీయడం మాకు అలవాటైంది. బడి గోడ మీద బతుకమ్మ, సున్నం కింద నుంచి ఇంకా కనబడుతున్న పాత ఎన్నికల గుర్తు, నీలం కోటులో పుస్తకం పట్టుకొని నిలబడ్డ అంబేద్కర్ గారు. పౌలు కూడా ఏథెన్సులో ఊరకే నడవలేదు, చూస్తూ నడిచాడు. అందుకే పేరు తెలియని దేవునికి కట్టిన బలిపీఠము ఆయన కంటబడింది.

అయితే ఒక్కదాన్ని మాత్రం మేము చాలాకాలం ఫోటో తీయలేదు. మేము వాక్యం చెప్పే ఒక ఊరి నడుమ ఎర్రటి అమరవీరుల స్థూపం ఉంది. నల్లగొండ ప్రాంతంలో ఇలాంటివి ఎన్నో ఊళ్లలో కనిపిస్తాయి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య బలైన తర్వాత రగిలిన సాయుధ పోరాటం 1951 వరకు సాగింది. అందులో ప్రాణాలు విడిచినవారి పేర్లు వాటి మీద చెక్కారు. అది పార్టీవాళ్లది, మనకెందుకులే అనుకున్నాము. దాని నీడన బండి పెట్టుకోవడం తప్ప, ఒక్క పేరు చదవలేదు.

ఏటేటా వేసే ఎర్ర రంగు అక్షరాల గుంటల్లో నిండిపోయి, మధ్యాహ్నం చూస్తే పేర్లు తెలియవు. పోయిన చలికాలం ఒక సాయంత్రం ఎండ పక్కనుంచి పడింది. అక్షరాలకు నీడ వచ్చి పేర్లు స్పష్టమయ్యాయి. ఫోను తీశాము. మా సంఘపు అవ్వ ఒకామె కర్ర పొడుచుకుంటూ వచ్చి, "గా మూడో పేరు మా నాయినది అయ్యగారూ" అన్నది.

ఆమెకు చదువు రాదు. "నీకెట్ల తెలుసవ్వా?" అని అడిగాము. పైనుంచి వేలితో తడుముతూ వచ్చి మూడవ వరుస దగ్గర ఆపింది.

"మా యమ్మ గిట్లనే సూపెట్టింది. నేను కడుపుల ఉన్నప్పుడే రజాకార్లు కాల్చి సంపిన్రు. ఒక్క ఫోటో గూడ లేదు."

ఆమె మోకాళ్ల నొప్పి కొరకు ఎన్నో ఏళ్లుగా ప్రార్థిస్తున్నాము. ఆమె తండ్రి ఎవరని ఒక్కనాడూ అడగలేదు. చాలా సిగ్గుపడ్డాము.

యెహోషువ 4వ అధ్యాయము మీద సెమినరీలో పరీక్ష రాసినవాళ్లం మేము. గిల్గాలులో నిలిపిన పన్నెండు రాళ్లు మ్రొక్కడానికి కాదు. రేపు పిల్లలు ఇవి ఏమిటని అడిగితే తండ్రులు చెప్పడానికి. ఆ మాట ఎన్నో ప్రసంగాల్లో చెప్పాము కానీ, మేము బండి ఆపిన చోటనే ఉన్న రాయి గురించి మాత్రం అడగలేదు. ఆయుధం పట్టిన దారిని మేము సమర్థించడం లేదు. అయినా ఒక బిడ్డకు తండ్రి గుర్తుగా మిగిలింది అదొక్కటే.

నకిరేకల్‌లో ఆ ఫోటో ప్రింటు తీయించి ఇచ్చాము. మనవరాలు పేరు పైకి చదివింది. అవ్వ రెండోసారి చదివించుకున్నది.

ప్రియులారా, మీ ఊరిలో రోజూ దాటిపోయే గోడ దగ్గర, రాయి దగ్గర ఈ వారం ఒక్కసారి ఆగండి. ఫోటో తీయండి, కానీ దాని గురించి ఎవరినైనా అడగండి. మన పేర్లను ఎరిగిన ప్రభువు, పక్కనున్నవారి పేర్లను కూడా మనకు నేర్పును గాక. ఆమేన్.