తాండూరు నుంచి గిలకలదిండికి

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, చేప తినకపోతే మా అమ్మ లెక్కలో వానాకాలం మొదలైనట్టే కాదు. ఈసారి సముద్రపు చేపలే తెచ్చి ఫ్రీజర్ నింపేద్దామని నేనూ బావా మే నెలలోనే అనుకున్నాం. బందరులో (మచిలీపట్నం) ఉండే మిత్రుడికి ఫోన్ చేస్తే నవ్వాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మృగశిర కార్తె వచ్చేదేమో జూన్ 8 ప్రాంతంలో. మా పండగకూ వాళ్ల వేటకూ వారం ఎడం.

"మిరుగం పదిహేను దినాలుంటది గద, ఎనుక పోర్రి" అని అమ్మే తీర్పు చెప్పింది. కార్తె నాడు మాత్రం తాండూరు బజారులో దొరికిన రవ్వతో సరిపెట్టుకున్నాం.

ఎన్ని కిలోలు తేవాలన్నది తర్వాతి పంచాయితీ. బావ యాభై అన్నాడు. మా ఆవిడ క్యాలెండర్ తిప్పింది. "ఆషాఢం అయిపోతే శ్రావణమేనాయె. అప్పుడు నీసు ముట్టం. యాభై కిలోలు ఎవలు తింటరన్నా?" ఐదుగురం, వారానికి రెండుసార్లు, పూటకు కిలోన్నర, ఐదు వారాలు: పదిహేను కిలోలు. బావ మారు మాట్లాడలేదు.

జూన్ మూడో వారంలో ఒక రాత్రి ఎనిమిదింటికి బయలుదేరాం. డిక్కీలో రెండు థర్మోకోల్ పెట్టెలు, మిత్రుడికి అమ్మ కట్టిచ్చిన కందిపప్పు మూట. 2022లో జీఐ గుర్తింపు వచ్చిన మా తాండూరు కంది అది. ఉత్త చేతులతో పోతామా! చేవెళ్ల మీదుగా హైదరాబాద్ దాటి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే సూర్యాపేట, కోదాడ, విజయవాడ దాటించి అదే మచిలీపట్నం చేరుస్తుంది. దాదాపు 450 కిలోమీటర్లు.

తెల్లవారేసరికి అక్కడి గిలకలదిండి హార్బర్‌లో ఉన్నాం. బోట్ల నుంచి బుట్టలు దిగుతున్నాయి, పక్కనే వేలంపాట సాగుతోంది. నేను ఒక వంజరం కేసి వేలు చూపగానే అమ్మే ఆవిడ దాని చెంప ఎత్తి పట్టింది. లోపల మొప్పలు దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. "వేలితో నొక్కి చూడండి బాబూ, గుంట పడితే డబ్బులివ్వద్దు." నొక్కాను. కండ వెంటనే పైకి లేచింది.

ఆరు కిలోల వంజరం, నాలుగు కిలోల కానాగంతలు, రెండు చందువలు, మూడు కిలోల రొయ్యలు. చేపలెంతో ఐసూ అంత ఉండాలని ఆవిడే చెప్పింది. పొట్ట తీయించి, ఒక వరస ఐసు, ఒక వరస చేప పేర్చాం. సూర్యాపేట దగ్గర ఆగి కరిగిన నీళ్లు వంచి, కొత్త ఐసు నింపాం. నీళ్లలో నానితే చేప రుచి చస్తుంది.

ఇంటికొచ్చాక అసలు పని. పూటకు సరిపడా పొట్లాలు కట్టాం. కరిగించింది మళ్లీ గడ్డ కట్టించకూడదు గనక. రొయ్యల్ని డబ్బాలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టాం. కానాగంతల్లో నూనె ఎక్కువ, త్వరగా కంపు పడతాయి. ముందు అవే వండుకున్నాం.

శ్రావణానికి రెండు రోజుల ముందు ఆఖరి వంజరం ముక్కలు పులుసులో ఉడికాయి. మీరూ బయలుదేరేటట్టయితే పెట్టెల సంగతి తర్వాత. ముందు గోడ మీది క్యాలెండర్ చూడండి.